పాల బండి స్టార్ట్ కాకపోతే ముందు ఏం చూడాలి?

గుమ్మపాల వేడిలో సూక్ష్మజీవులు ఎంతో త్వరగా పెరుగుతాయి. అందుకే పితికిన రెండు మూడు గంటల్లోగా పాలను 4 డిగ్రీల సెంటీగ్రేడుకు చల్లబరచాలని మనం ప్రతి సమావేశంలోనూ చెప్పుకుంటూ ఉంటాం. ఊళ్లోనే బల్క్ కూలర్ ఉన్న సంఘాలకు ఇది సులభమే. కూలర్ లేని ఊళ్ల నుంచీ, పొలాల్లోని పాకల నుంచీ మాత్రం పాలు చాలా చోట్ల మోటారు సైకిలు మీదనే రావాలి. 40 లీటర్ల క్యాను నిండా పాలంటే, క్యాను బరువు గాక 41 కిలోల పైమాటే. అంత బరువూ ఎత్తి కట్టాక బండి స్టార్ట్ కాకపోతే, ఎండ ఎక్కేసరికి పాలు మరిగింపు పరీక్షలో విరిగి తిరిగి రావచ్చు. అప్పుడు దాణా ఖర్చు, మనిషి కష్టం రెండూ వృథా అవుతాయి.

సెల్ఫ్ నొక్కితే ఇంజను తిరుగుతుంది, కిక్కు కొడితే పడుతుంది, కాని ఇంజను అంటుకోదు. ఈ వ్యాసంలో ఈ ఒక్క రకం లోపం గురించే తెలుసుకుందాం. సెల్ఫ్ నొక్కినప్పుడు ‘టిక్’ మని ఊరుకుంటే అది చాలావరకు బ్యాటరీ లోపం. దాని దారి వేరు.

ముందు పాల సంగతి

బండి మొరాయించగానే క్యాన్లు దించి నీడలో పెట్టాలి. చుట్టూ తడి గోనెపట్ట కప్పాలి. చల్లగా ఉంటాయని పాలలో మంచుముక్కలు వేయడం, విరగకుండా సోడా కలపడం కల్తీ కిందికే వస్తాయి. తర్వాత గడియారం చూసుకోండి. బండి మీద పావుగంట కంటె ఎక్కువ సేపు పోనివ్వకండి. ఆలోగా బాగుపడకపోతే పొరుగు సభ్యుని బండి మీదనో, ఆటోలోనో పాలు పంపించి, తర్వాత తీరికగా మరమ్మతు చూసుకోవచ్చు.

ఇంజనుకు కావలసినవి

పొయ్యి వెలగాలంటే కట్టె, గాలి, నిప్పు కావాలి. ఇంజనుకూ అంతే. పెట్రోలు, గాలి, ప్లగ్గు దగ్గర నిప్పురవ్వ ఉండాలి. వీటికి తోడు పెట్రోలు గాలి మిశ్రమాన్ని పిస్టన్ గట్టిగా అదమాలి. ఈ నాలుగింటిలో ఏది లోపించినా ఇంజను తిరుగుతుందే గాని పనిచేయదు. లోపం ఎక్కడుందో తెలియకుండా కిక్కు కొడుతూ పోతే కాలు నొప్పి, సెల్ఫ్ నొక్కుతూ పోతే బ్యాటరీ ఖాళీ. సెల్ఫ్‌ను ఒక్కసారికి 5 సెకన్ల కంటె నొక్కరాదు. మళ్లీ నొక్కే ముందు కనీసం 10 సెకన్లు ఆగాలి.

కింది వరుసలో చూసుకుంటూ వస్తే చిన్న లోపాలు పానా పట్టకుండానే బయటపడతాయి.

1. స్విచ్చులు: హ్యాండిల్ కుడివైపున ఉండే ఎర్ర స్విచ్ చాలా బళ్లలో ఇంజనును ఆపేస్తుంది. క్యాన్లు కట్టేటప్పుడు తాడో, చెయ్యో తగిలి అది పడిపోయి ఉండవచ్చు. కొన్ని కొత్త బళ్లు సైడ్ స్టాండు దించి ఉంటే స్టార్ట్ కావు. ఈ రెండూ ముందు చూడండి.

2. పెట్రోలు: ముల్లును నమ్మకుండా ట్యాంకు మూత తీసి చూడండి. చీకట్లో టార్చి వాడాలేగాని అగ్గిపుల్ల గీయరాదు. ట్యాప్ ఉన్న బండిలో దాన్ని రిజర్వుకు తిప్పండి. మూత తీయగానే ‘ఉస్సు’ మని గాలి లోపలికి పోతే, మూతలోని గాలిరంధ్రం మట్టితో పూడిందని అర్థం. దాన్ని శుభ్రం చేస్తే పెట్రోలు మళ్లీ దిగుతుంది.

కార్బురేటరు బండిలో కార్బురేటరు అడుగున ఉన్న డ్రెయిన్ స్క్రూ వదులు చేసి, వచ్చే పెట్రోలును గాజు సీసాలో పట్టండి. ఏమీ రాకపోతే పైపులోనో, ట్యాప్‌లోనో అడ్డు ఉంది. అడుగున వేరే పొరగా నీరు కనిపిస్తే ట్యాంకు కడిగించాలి. 2025 నాటికి మన దేశపు పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాలు కలుస్తోంది. ఇథనాలు నీటిని పీల్చుకుంటుంది. నీరు ఎక్కువైతే రెండూ కలిసి అడుగుకు చేరతాయి. కాబట్టి వానకాలంలో ట్యాంకు మూత రబ్బరు బాగుందో లేదో చూసుకోవాలి.

2020 ఏప్రిల్ నుంచి బి.ఎస్.6 నిబంధనలు వచ్చాక, కొత్త మోటారు సైకిళ్లలో దాదాపు అన్నింటికీ కార్బురేటరు పోయి ఇంజెక్షన్ వచ్చింది. వీటిలో తాళం తిప్పగానే ట్యాంకులోంచి రెండు సెకన్లు ‘జుయ్’ మనే పంపు శబ్దం వినబడాలి. వినబడకపోతే ఫ్యూజు చూడండి. ఈ బళ్ల పెట్రోలు పైపులో ఒత్తిడి ఉంటుంది గనుక దాన్ని ఊడదీయరాదు. ఇంజను గుర్తు దీపం ఆరకుండా వెలుగుతూ ఉంటే మెకానిక్కుకు చెప్పండి.

3. పెట్రోలు ఎక్కువైతే: కార్బురేటరు బండిని చోక్ లాగి పదేపదే తన్నితే ఘాటుగా పెట్రోలు వాసన వస్తుంది. అప్పుడు చోక్ మూసి, యాక్సిలరేటరు పూర్తిగా తిప్పి పట్టుకొని నాలుగైదు కిక్కులు కొట్టండి. అప్పటికీ కాకపోతే ప్లగ్గు తీసి తుడిచి ఆరబెట్టాలి.

4. నిప్పురవ్వ: వానలో తడిసిన బండికి ముందు ప్లగ్గు టోపీని పొడిగుడ్డతో తుడవండి. తర్వాత ప్లగ్గు తీసి మొన చూడండి. ఇటుక రంగు, లేత గోధుమ రంగు ఉంటే మంచిదే. నల్లని మసి ఉంటే పెట్రోలు ఎక్కువ, గాలి తక్కువ. పొడిగా ఉంటే పెట్రోలు చేరడం లేదు. నూనె తడి ఉంటే లోపల రింగులు అరిగి ఉండవచ్చు. మొనల మధ్య సందు చాలా చిన్న బళ్లకు 0.6 నుంచి 0.9 మి.మీ. మీ బండి పుస్తకంలో చెప్పిన కొలత పాటించాలి.

కార్బురేటరు బండిలో రవ్వ చూడాలంటే ప్లగ్గును టోపీలో పెట్టి, దాని లోహపు భాగం ఇంజనుకు ఆనించి, ప్లగ్గు రంధ్రానికి దూరంగా ఉంచి కిక్కు కొట్టాలి. నీలిరవ్వ గట్టిగా రావాలి. చుట్టుపక్కల పెట్రోలు ఒలికి ఉండరాదు, బీడీ వెలగరాదు. ఇంజెక్షన్ బండికి ఈ పరీక్ష మెకానిక్కే చేయాలి.

5. గాలి: ఊక, గడ్డి దుమ్ము ఉన్న చోట తిరిగే బండికి ఎయిర్ ఫిల్టరు త్వరగా పూడుతుంది. సైలెన్సరు నోట మట్టి చేరినా ఇదే పని.

6. అదుము: కిక్కు ఎక్కడా అడ్డు తగలకుండా తేలికగా జారిపోతే లోపం వాల్వులలోనో, పిస్టన్‌లోనో ఉంది. అక్కడ మన పని ఆగుతుంది, మెకానిక్కు పని మొదలవుతుంది.

సంఘాలు చేయదగినది

పాలు తెచ్చే ప్రతి బండిలోనూ ఒక కొత్త ప్లగ్గు, ప్లగ్గు పానా, పొడిగుడ్డ, చిన్న టార్చి ఉండాలి. ప్లగ్గు ఖరీదు ఒక పూట పాల డబ్బులో చిన్న భాగమే. కార్యదర్శులు ప్రతి రూటులోనూ రెండో బండి ఎవరిదో ముందే నిర్ణయించి, వారి ఫోను నంబరును సంఘం గోడమీద రాసి ఉంచాలి. బండి బాగుపడటం ఆలస్యమైనా, ఆ పూట పాలు వేళకు కేంద్రం చేరతాయి.