కాదనిపించుకున్న ఈగగారి ముచ్చట

తమ్ముడికో మరిదికో మనసుపడిన పిల్ల కాదంది. వాడు మందు మొదలెట్టాడు. మనమేం చేస్తాం? "సిగ్గులేదట్రా!" అని కేకలేస్తాం. వాడు తలుపేసుకుంటాడు, మనకి నిద్ర పట్టదు. అవునా, కాదా?

ఈసారి కేకలెయ్యబోయే ముందు కాస్త టీ పెట్టుకుని ఇది వినండి. మగ్గిన అరటిపళ్ళ మీద ముసురుతాయే బుల్లి ఈగలు, వాటి సంగతీ ఇంతేనట! శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాళ్ళు 2012లో బయటపెట్టారు. కొన్ని మగ ఈగల్ని, అప్పటికే జతకట్టిన ఆడ ఈగల దగ్గర వదిలారు. పాపం, అవి వెంటపడటం, ఒక రెక్క చాచి ఆడిస్తూ పాట పాడటం, ఛీకొట్టించుకోవడం. నాలుగు రోజులు ఇదే వరస. ఇంకొన్నిటికి హాయిగా జోడీ కుదిర్చారు. ఆ తర్వాత మామూలు తిండీ, 15 శాతం ఆల్కహాల్ కలిపిన తిండీ పక్కపక్కనే పెట్టారు. (ఈగలకి మందు పోసిన మహానుభావులకో దండం!) కాదనిపించుకున్నవి మందు తిండికే ఎక్కువ ఎగబడ్డాయి.

ఎందుకంటారా? ఈగ మెదడులో న్యూరోపెప్టైడ్ ఎఫ్ అనే రసాయనం ఉంది. జోడీ కుదిరితే పెరుగుతుంది, కాదనిపించుకుంటే పడిపోతుంది. ఆ లోటు పూడ్చుకోవడానికే మందు అన్నమాట. ఆ రసాయనాన్ని విడుదల చేసే కణాల్ని శాస్త్రవేత్తలు తట్టిలేపితే మందు మీద మోజు తగ్గింది. ఛీకొట్టించుకున్న ఈగకి తర్వాత జోడీ కుదిర్చినా అంతే, తగ్గింది.

మరి ఆడ ఈగ పొగరుబోతా? అయ్యో, కాదు. మొదటి మగడు వీర్యంతో పాటు సెక్స్ పెప్టైడ్ అనే పదార్థాన్నీ ఇచ్చిపోతాడు. దాని ప్రభావంతో వారం పైగా ఆమెకి ఎవరూ అక్కర్లేదు. వచ్చినవాడు అందగాడా కాదా అన్న లెక్కే లేదక్కడ!

మనుషులు ఈగలు కారు, ఆ పిల్ల కాదనడానికి సవాలక్ష కారణాలుంటాయి, అవి ఆమె ఇష్టం. కానీ దెబ్బతిన్న మనసు ఊరట వెతుక్కుంటుందన్నది మనకీ తెలిసిందే కదా. అందుకని వాణ్ణి తిట్టకండి. వేళకింత అన్నం పెట్టండి, స్నేహితుల్ని పిలిపించండి, సాయంత్రం గ్రౌండుకి తరమండి. అర్ధరాత్రి ఆ అమ్మాయికి ఫోన్లు చేస్తుంటే మాత్రం గట్టిగా ఆపండి, అక్కడ జాలి వద్దు. తాగుడు అలవాటైపోతోందనిపిస్తే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. వాడు రానని మొండికేస్తే మీరే 14416కి, అదే ప్రభుత్వం వారి మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్‌కి, ఫోన్ చెయ్యండి. డబ్బులక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు.