బాతుల వేటకు చిన్న అల్యూమినియం పడవ: సిద్ధం చేసుకోవడానికి 15 చిట్కాలు

అమెరికాలో ఉంటూ బాతుల వేట నేర్చుకుంటున్న తెలుగువారి కోసం ఈ చిట్కాలు. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవి బాతులను వేటాడటం నేరం. కొల్లేరులో గానీ, పులికాట్‌లో గానీ ఆ ఆలోచనే పెట్టుకోకూడదు. అమెరికాలో మాత్రం సీజను, పరిమితి, లైసెన్సు నియమాలకు లోబడి ఈ వేటకు అనుమతి ఉంది. ఆర్కాన్సాలోని స్టట్‌గార్ట్ చుట్టుపక్కల వరిపొలాలు, చలికాలంలో నీళ్ళు నిలిచే అడవులు, టెక్సస్ తీరపు బురదనేలలు, మిన్నెసోటా చెరువులు ఇందుకు పేరుపొందిన చోట్లు.

ఈ చోట్లన్నిటికీ సరిపోయేది 12 నుంచి 16 అడుగుల అల్యూమినియం పడవ. పాతది కొని ఇంటి గ్యారేజీలోనే వేటకు తగ్గట్టు మార్చుకోవచ్చు. ఒక్క సూత్రం మాత్రం మొదటినుంచీ గుర్తుండాలి. పడవ ముందు నిలకడగా తేలాలి, ఆ తర్వాతే దాక్కోవాలి. పక్షి కంట పడితే పోయేది ఒక అవకాశం, పడవ బోల్తా పడితే పోయేది ప్రాణం.

1. చదునైన అడుగున్న పడవ చూసుకోండి. జాన్ బోట్ అనే ఈ రకం పడవ జానెడు నీళ్ళలో కూడా సాగుతుంది. అమ్మకం ప్రకటనల్లో 1436, 1448 అనే అంకెలు కనిపిస్తాయి. మొదటి రెండంకెలు అడుగుల్లో పొడవు, తర్వాతి రెండు అంగుళాల్లో అడుగుభాగం వెడల్పు. పొడవు ఒకటే అయినప్పుడు వెడల్పుదే తీసుకోండి. కుక్క ఒక పక్కకు గెంతినా తట్టుకునేది అదే.

2. కెపాసిటీ పలక చదవండి. 20 అడుగుల లోపు మోటారు పడవలకు, ఎంతమంది ఎక్కవచ్చో, ఎంత బరువు మోయగలదో, ఎన్ని హార్స్‌పవర్ల మోటారు పెట్టవచ్చో చెప్పే పలక ఉంటుంది. పాత పడవకు అది ఊడిపోయి ఉంటే, పొడవును వెడల్పుతో గుణించి 15తో భాగించండి. 12 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు ఉంటే ముగ్గురు. అదీ ఒక్కొక్కరు 150 పౌండ్ల లెక్కన, గాలి లేని రోజున. పలక మీద ఎప్పుడూ రంగు వేయకండి.

3. బరువుల లెక్క కాగితం మీద రాయండి. చలిదుస్తులతో ఇద్దరు మనుషులు 400 పౌండ్లు, లాబ్రడార్ కుక్క 70, బాతులను రప్పించే డెకాయ్ బొమ్మలు రెండు డజన్లు 50, బ్యాటరీ 50, ఆరు గ్యాలన్ల పెట్రోలు ట్యాంకుతో కలిపి 40, మోటారు 110. అప్పుడే 720 పౌండ్లు అయింది. చెక్క, బ్లైండు (వేటగాళ్ళు దాక్కునే మరుగు), తుపాకులు ఇంకా ఎక్కలేదు. చాలా చిన్న పడవల పలక మీద ఉండే అంకెకు ఇదే ఎక్కువ. అందుకే ఏదైనా బిగించే ముందు తూకం వేసి ఈ కాగితంలో చేర్చండి.

4. లీకులు ముందే పట్టుకోండి. పడవను ట్రెయిలర్ మీదే ఉంచి, లోపల నాలుగైదు అంగుళాల ఎత్తు నీళ్ళు పోయండి. నిండా పోయకండి, నీటి బరువుకు అడుగు వంగుతుంది. కిందికి వెళ్ళి టార్చిలైటుతో రివెట్ల వరుసలన్నీ చూడండి. చుక్క కట్టిన ప్రతి రివెట్ చుట్టూ సుద్దముక్కతో సున్నా చుట్టండి. నీళ్ళు తీసేసి ఆరబెట్టాక, ఒకరు బయట రివెట్ తలకు బరువైన ఇనుప దిమ్మ ఆనించి పట్టుకోవాలి, మరొకరు లోపలి కొన మీద సుత్తితో చిన్న చిన్న దెబ్బలు వేయాలి. వదులైన రివెట్ ఇలాగే బిగుస్తుంది. అయినా కారితే దాన్ని తీసి, కొన మూసి ఉండే అల్యూమినియం రివెట్‌ను మెరైన్ సీలెంట్ పూసి వేయండి.

5. బెంచీలు కోసే ముందు ఆగండి. మధ్య బెంచీ తీసేస్తే చోటు కలిసొస్తుందని చాలామందికి తోస్తుంది. ఆ బెంచీయే పడవ పక్కలను లోపలికి, బయటికి వంగకుండా నిలబెడుతోంది. దాని కింద ఉండే ఫోమ్, పడవ నీళ్ళతో నిండినా మునగకుండా పట్టి ఉంచుతుంది. బెంచీ తీయక తప్పకపోతే అడ్డంగా అల్యూమినియం పట్టీలు వేయించి, అంతే ఫోమ్‌ను నేల కింద నింపండి. ఫోమ్ నీళ్ళు పీల్చి బరువెక్కి ఉంటే మార్చేయండి. ఎత్తైన తిరుగుడు కుర్చీలు వద్దు. కూర్చునే ఎత్తు పెరిగినకొద్దీ పడవ ఊగుతుంది.

6. మందు పట్టించిన చెక్క వాడకండి. చెదలు పట్టకుండా మందు పట్టించిన ప్రెషర్ ట్రీటెడ్ కలపలో రాగి ఉంటుంది. తడిలో రాగి, అల్యూమినియం కలిస్తే అల్యూమినియం కొరుక్కుపోయి చిల్లులు పడతాయి. నేలకు మెరైన్ ప్లైవుడ్ తెచ్చి, అంచులతో సహా ఎపాక్సీ పూయండి. అరంగుళం మందం షీటు 40 పౌండ్ల పైచిలుకే తూగుతుంది కాబట్టి నడిచే చోట మాత్రమే పరచండి. ఖర్చు పెట్టగలిగితే పలుచని అల్యూమినియం షీటే మేలు. పైన జారకుండా ఇసుక కలిపిన రంగు వేయండి. బురద బూట్లతో, మంచుపొరతో ఆ నేల ఎంతగా జారుతుందో డిసెంబరులో గానీ తెలియదు.

7. బోల్టులకు మధ్య పొర పెట్టండి. మామూలు ఇనుప స్క్రూలు తుప్పు పడతాయి. స్టెయిన్‌లెస్ స్టీలు వాడండి, అయితే అది అల్యూమినియాన్ని నేరుగా తాకకుండా నైలాన్ వాషర్ పెట్టండి, లేదా తుప్పును ఆపే మెరైన్ జెల్ పూయండి. ఉప్పునీటి తీరంలో వేటాడేవారికి ఇది మరీ ముఖ్యం. నీటిమట్టానికి కింద కొత్త చిల్లు ఒక్కటి కూడా వేయకండి.

8. రంగు కంటే తయారీకే ఎక్కువ సమయం ఇవ్వండి. ముందు జిడ్డు కడగాలి, తర్వాత గరుకు కాగితంతో రుద్దాలి. వరుస తప్పితే జిడ్డు గీతల్లోకి దిగి రంగు ఊడిపోతుంది. రుద్దిన అల్యూమినియం మీద గాలి తగలగానే ఆక్సైడ్ పొర మళ్ళీ మొదలవుతుంది కాబట్టి ఆ రోజే సెల్ఫ్ ఎచింగ్ ప్రైమర్ కొట్టండి. పైన మెరుపు లేని రంగు రెండు పూతలు. జమ్ము, తుంగ ఉన్న చోటికి ఎండుగడ్డి రంగు, చెట్ల మధ్యకు బూడిద కలిసిన గోధుమరంగు. లోపలి భాగానికీ వేయండి, ఎందుకంటే పైనుంచి పక్షికి కనిపించేది అదే. అడుగున నాచు పట్టకుండా వేసే రాగి రంగులు అల్యూమినియానికి పనికిరావు.

9. రిజిస్ట్రేషన్ నంబరు కప్పేయకండి. పడవ ముందు భాగంలో రెండువైపులా, కనీసం 3 అంగుళాల ఎత్తు అక్షరాలతో, రంగులో కలిసిపోకుండా నంబరు కనిపించాలి. పడవ కదిలేటప్పుడు బ్లైండు గుడ్డ దానిమీద వేలాడకుండా చూడండి.

10. బ్లైండు తేలికగా, మడిచేట్టు ఉండాలి. రెండు పక్కలా అల్యూమినియం గొట్టాలతో చట్రాలు కట్టి, కింద మడతబందులు వేయండి. లేపితే రెండూ పైన కలవాలి, వదిలితే పడవ అంచుల మీదికి చదునుగా పడుకోవాలి. కూర్చున్న మనిషి తలకంటే ఎత్తు అవసరం లేదు. లేపిన బ్లైండు తెరచాపలా గాలి పడుతుంది, అందుకే ప్రయాణంలో ఎప్పుడూ దించే ఉంచాలి. రెండు పక్కలా ఒక్క చేత్తో తోసి బయటపడే దారి ఉండాలి. పడవ తలకిందులైతే వలలో చిక్కుకోకూడదు.

11. గడ్డి అక్కడిదే కలపండి. చట్రానికి వల, దానిమీద గోనెపట్ట లేదా రాఫియా గడ్డి కట్టి, చివరగా వేటాడే చోట దొరికే ఎండుగడ్డి గుచ్చండి. కోయడానికి అనుమతి ఉందో లేదో ముందు కనుక్కోండి. గడ్డిని సమంగా కత్తిరించకండి, కొనలు ఎగుడుదిగుడుగా ఉంటేనే సహజంగా ఉంటుంది. ఈ ఎండుగడ్డి మధ్య గ్యాస్ హీటరు పెట్టకండి. మంటలతో పాటు కార్బన్ మోనాక్సైడ్ ప్రమాదం కూడా ఉంది.

12. బరువును ముందుకు జరపండి. మోటారూ, దాన్ని నడిపే మనిషీ వెనకే ఉంటారు. బ్యాటరీని, పెట్రోలు ట్యాంకును కూడా అక్కడే పెడితే వెనక భాగం కుంగి, వేగం తగ్గించగానే సొంత అలే లోపలికి దూకుతుంది. బ్యాటరీని ముందు భాగంలో పెట్టి కట్టేయండి, బ్యాటరీ దగ్గరే వైరుకు ఫ్యూజు పెట్టడం మరవకండి. కుక్కకు మధ్యలో జారని చాప, నీళ్ళలోంచి ఎక్కడానికి మడత మెట్టు పెట్టండి. తుపాకులకు పక్కగా మెత్తని ఊత కట్టండి, పడవ కదిలేటప్పుడు వాటిలో తూటాలు ఉండకూడదు.

13. ప్రాణరక్షణ సరంజామా ముందు కొనండి. తలకొక లైఫ్ జాకెట్ ఉండాలి, అది ఒంటిమీదే ఉండాలి. కోస్ట్ గార్డ్ ఆమోదించిన కామో జాకెట్లు దొరుకుతాయి. చీకట్లో బయల్దేరతారు కాబట్టి ముందు ఎడమవైపు ఎర్రదీపం, కుడివైపు పచ్చదీపం, వెనక తెల్లదీపం తప్పనిసరి. 2021 ఏప్రిల్ 1 నుంచి, 3 హార్స్‌పవర్లు అంతకుమించిన మోటారున్న 26 అడుగుల లోపు పడవలు వేగంగా నడిపేటప్పుడు మోటారును ఆపేసే కిల్ స్విచ్ తాడు ఒంటికి తగిలించుకోవాలి. రొమ్ముదాకా వచ్చే, నీళ్ళు దూరని వేడర్ల మీద నడుముకు బెల్టు బిగించండి. చన్నీళ్ళలో పడితే ఊపిరి కుదుటపడటానికి 1 నిమిషం, చేతులు పనిచేసేది 10 నిమిషాలు, స్పృహ ఉండేది సుమారు 1 గంట అని శిక్షణలో చెబుతారు.

14. కాగితాలు సరిచూసుకోండి. రాష్ట్ర వేట లైసెన్సుతో పాటు 16 ఏళ్ళు నిండినవారికి ఫెడరల్ డక్ స్టాంపు కావాలి. 1934 నుంచీ ఉన్న ఈ స్టాంపు డబ్బుతోనే తడినేలలు కొని కాపాడుతున్నారు. 1991 నుంచి అమెరికా అంతటా నీటిపక్షుల వేటకు సీసపు గుళ్ళు నిషేధం, స్టీలు వంటివే వాడాలి. తుపాకిలో మూడు తూటాలకు మించి పట్టకుండా ప్లగ్గు ఉండాలి. మోటారు ఆపి, దాని ఊపు కూడా ఆగాకే కాల్చాలి. హెచ్-1బీ, ఎఫ్-1 వంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారు తుపాకి దగ్గర ఉంచుకోవడం సాధారణంగా ఫెడరల్ నేరం. గడువు తీరని వేట లైసెన్సు ఉన్నవారికి మినహాయింపు ఉంది. అయినా లాయరును అడగకుండా తుపాకి ముట్టకండి.

15. వెళ్ళేముందు పరీక్ష, వచ్చాక శుభ్రత. సెప్టెంబరులోనే, వెచ్చని నీళ్ళలో, ఒడ్డుకు దగ్గరగా, అసలు సామానంతా ఎక్కించి నడిపి చూడండి. పక్కకు వాలి, ఒకరు లేచి నిలబడి, కుక్కను దించి ఎక్కించి చూడండి. నీటిమట్టం అంచుకు దగ్గరైతే ఏదో ఒకటి ఇంట్లో వదిలేయాలి. వేట ముగిశాక డ్రెయిన్ ప్లగ్గు తీసి నీళ్ళు వంపి, గడ్డి, బురద దులిపి ఆరబెట్టండి. జీబ్రా మస్సెల్స్ అనే ఆలిచిప్పలు ఒక చెరువు నుంచి మరో చెరువుకు పాకేది ఇలాంటి పడవల వల్లే.

చివరిగా ఒక్క మాట. 1940 నవంబర్ 11న వెచ్చగా తెల్లవారిన రోజే మధ్యాహ్నానికి మంచుతుపానుగా మారి, ఒక్క మిన్నెసోటాలోనే 49 మందిని బలిగొంది. వారిలో సుమారు సగం మంది బాతుల వేటగాళ్ళే, చాలామంది పలుచని దుస్తుల్లో వెళ్ళినవారే. పడవ ఎంత బాగా కట్టుకున్నా వాతావరణ సూచన చూడకుండా నీళ్ళలో దిగకండి. ఎక్కడికి వెళ్తున్నారో, ఎప్పటికి వస్తారో ఇంట్లో రాసిపెట్టండి. గాలి ఎక్కువగా ఉంటే ఆ రోజు వేట మానుకోండి.