కార్చిచ్చు - రాజకీయం: ఆస్ట్రేలియా చర్చ నేర్పే పాఠం

2019-20లో ఆస్ట్రేలియా అడవులను దహించిన కార్చిచ్చు ఆ దేశ రాజకీయాలను కూడా కుదిపివేసింది. ఈ మంటలకు వాతావరణ మార్పు కారణమా, కాదా అన్నదే వివాదం. పోటీ పరీక్షలకు పర్యావరణం ఎలాగూ అవసరమే. అంతకంటే ముఖ్యంగా, ఒక వాదనను ఎలా పరిశీలించాలో ఈ చర్చ నేర్పుతుందని మేము ఈ అంశాన్ని ఎంచుకున్నాం.

ఏం జరిగింది?

2019 అప్పటివరకు ఆస్ట్రేలియాలో నమోదైన సంవత్సరాలన్నింటిలో అత్యంత వేడి, అతి తక్కువ వర్షం ఉన్న ఏడాది. మంటల్లో 33 మంది మరణించారు. 3,000కు పైగా ఇళ్లు బూడిదయ్యాయి. రాయల్ కమిషన్ లెక్క ప్రకారం 2 కోట్ల 40 లక్షల హెక్టార్లకు పైగా నేల కాలిపోయింది. మన రెండు తెలుగు రాష్ట్రాల విస్తీర్ణం కలిపితే సుమారు 2 కోట్ల 75 లక్షల హెక్టార్లు. దీన్నిబట్టి నష్టాన్ని ఊహించుకోవచ్చు.

ఇరుపక్షాల వాదనలు

అప్పటి ప్రధాని స్కాట్ మోరిసన్ ప్రభుత్వం, ప్రపంచ ఉద్గారాల్లో తమ వాటా 1.3 శాతమేనని, దాన్ని తగ్గించినంత మాత్రాన మంటలు ఆగవని వాదించింది. కొందరు నాయకులు నేరమంతా నిప్పుపెట్టిన దుండగులదే అన్నారు. మరికొందరు, ఎండుటాకులను ముందే తగలబెట్టనివ్వలేదని పర్యావరణవాదులను నిందించారు.

రెండో పక్షాన అగ్నిమాపక శాఖ మాజీ అధిపతులు నిలిచారు. గ్రెగ్ ముల్లిన్స్ నాయకత్వంలో 23 మంది 2019 ఏప్రిల్‌లోనే ప్రమాదం గురించి హెచ్చరించారు. 2008లో వచ్చిన గార్నో నివేదిక కూడా, మంటల కాలం పెరుగుతుందని, 2020 నాటికే అది కంటికి కనిపిస్తుందని చెప్పింది.

మనం పరిశీలిద్దాం

ఇక్కడ రెండు ప్రశ్నలు కలిసిపోయాయి. నిప్పు ఎలా అంటుకుంది? మంట అంతగా ఎందుకు పాకింది? వానాకాలం తడిసిన గడ్డివాము మీద బీడీ ముక్క పడితే ఆరిపోతుంది. అదే ముక్క మే నెలలో పడితే వాడ మొత్తం కాలుతుంది. ముక్క ఒకటే, మారింది గడ్డి.

న్యూసౌత్‌వేల్స్ పోలీసులు 24 మందిపై కావాలని నిప్పుపెట్టిన కేసులు పెట్టిన మాట నిజమే. కానీ 5 లక్షల హెక్టార్లకు పైగా కాల్చిన గాస్పర్స్ మౌంటెన్ మంట పిడుగు వల్ల మొదలైంది. ఎండుటాకులను ముందే కాల్చడం మేలే. అక్కడి ఆదివాసులు వేల ఏళ్లుగా చిన్న మంటలతో అడవిని కాపాడుకున్నారు. అయితే విపరీతమైన ఎండ, గాలి ఉన్న రోజున అదొక్కటే సరిపోదు.

రెండో పక్షం కూడా అతిగా చెప్పకూడదు. ఆ ఏడాది కరువుకు హిందూ మహాసముద్రపు సహజ ఉష్ణోగ్రతా వ్యత్యాసం కూడా తోడైంది. 2020లో శాస్త్రవేత్తల బృందం తేల్చింది ఏమిటంటే, 1900తో పోలిస్తే ఇలాంటి మంటల వాతావరణం ఏర్పడే అవకాశం మానవుని వల్ల కనీసం 30 శాతం పెరిగింది. అంటే వాతావరణ మార్పు అగ్గిపుల్ల గీయలేదు, గడ్డిని ఎండబెట్టింది.

ఇక 1.3 శాతం మాట. పది మంది చందా వేసుకునేచోట ప్రతివాడూ నాది చిన్న వాటాయే అని తప్పుకుంటే పని ఎలా జరుగుతుంది?

ముగింపు

వేసవులు పొడవై, మరింత వేడెక్కాయని 2020 జనవరిలో మోరిసన్ కూడా అంగీకరించారు. 2022లో ప్రభుత్వం మారింది. 2030 నాటికి ఉద్గారాలను 2005 స్థాయి నుంచి 43 శాతం తగ్గించాలని చట్టం వచ్చింది. అయినా 2025లో ప్రతిపక్ష లిబరల్, నేషనల్ పార్టీలు నికర సున్నా లక్ష్యాన్ని వదిలేశాయి. చర్చ ముగియలేదు.

ఇది మనకు దూరపు సంగతి కాదు. వేడెక్కే ప్రతి వేసవి భారం ముందుగా పడేది రేకుల ఇళ్లలో ఉండే, ఎండలో కూలికి వెళ్లే మన అమ్మానాన్నల మీదే. మాలో చాలామందిమి మా ఇళ్లలో మొదటి పట్టభద్రులం. చదువుకున్నవాళ్లు చెప్పారంటే ఊళ్లో నమ్ముతారు. అందుకే ఏ పార్టీ మాటైనా, ఏ పత్రిక రాతైనా, ప్రశ్నను విడదీసి, ఆధారం చూసి, అప్పుడే నోరు విప్పుదాం. మన చదువుకు అదే సార్థకత.