నమూనా యుద్ధ విమానానికి ఆయుధాలు, రంగులు ఎలా నిర్ణయించాలి?
(1971 నాటి మిగ్-21 ఉదాహరణతో)



వార్షికోత్సవం దగ్గర పడితే చాలు, ప్రదర్శన గదిలో నమూనాల సందడి మొదలవుతుంది. అగ్నిపర్వతం, నీటి చక్రం, సౌర కుటుంబం వీటన్నిటి మధ్య ఒక యుద్ధ విమానం తప్పకుండా ఉంటుంది. అట్ట, థర్మాకోల్, ఫెవికాల్‌తో ఎంతో ఓపికగా చేస్తారు. రెక్కల కింద పట్టినన్ని క్షిపణులు, పట్టినన్ని బాంబులు తగిలిస్తారు. ఆకుపచ్చ, ఖాకీ మచ్చలు వేస్తారు. చూడడానికి బాగానే ఉంటుంది. కాని అలాంటి విమానం ఏ రోజూ ఏ రన్‌వే మీది నుంచీ లేవలేదు.

నమూనా అంటే బొమ్మ కాదు. అది ఒక నిజమైన వస్తువు గురించి మనం చెప్పే మాట. ఆ మాట నిజం కావాలంటే కొంత పరిశోధన చేయాలి. ఆ పరిశోధన ఎలా చేయాలో మనందరికీ పేరు తెలిసిన మిగ్-21 విమానాన్ని తీసుకుని ఈ వ్యాసంలో వివరిస్తున్నాం.

1. ముందు తేదీ, తర్వాతే జిగురు

"మిగ్-21 చేద్దాం" అనుకుంటే సరిపోదు. ఏ సంవత్సరం మిగ్-21? ఏ రకం? ఏ స్క్వాడ్రన్‌ది? ఆ రోజు దాని పని ఏమిటి? ఈ నాలుగు ప్రశ్నలకు జవాబు కాగితం మీద రాసుకున్న తర్వాతే కత్తెర పట్టాలి.

మిగ్-21 మన వైమానిక దళంలోకి 1963లో వచ్చింది. చండీగఢ్‌లో ఏర్పడిన 28వ స్క్వాడ్రన్ దాన్ని మొదట అందుకుంది. 2025 సెప్టెంబర్ 26న అదే చండీగఢ్‌లో చివరి వీడ్కోలు తీసుకుంది. మధ్యలో అరవై రెండేళ్లు. ఇంత కాలంలో ఆ పేరుతో ఎన్నో రకాలు వచ్చాయి. 1971 యుద్ధంలో ముఖ్యపాత్ర వహించినది ఎఫ్‌ఎల్ రకం. తర్వాత 1970లలో ఎం రకం, బిస్ రకం వచ్చాయి. బిస్ విమానాలలో కొన్నిటిని ఆధునీకరించి బైసన్ అన్నారు. 2019 ఫిబ్రవరి 27న అభినందన్ వర్ధమాన్ నడిపినది బైసన్.

బయటికి అన్నీ ఒకేలా కనిపిస్తాయి. ముక్కులో శంకువు, వెనక్కి వాలిన త్రికోణపు రెక్కలు. కాని రెక్క కింద చూస్తే తేడా తెలుస్తుంది. ఎఫ్‌ఎల్‌కు ఒక్కో రెక్క కింద ఒక్క పైలానే ఉంటుంది. ఆయుధాన్ని తగిలించే కొక్కెం లాంటి భాగమే పైలాన్. బిస్, బైసన్ రకాలకు ఒక్కో రెక్క కింద రెండేసి ఉంటాయి. ఎఫ్‌ఎల్ శరీరంలో తుపాకీ లేదు. బిస్‌కు ఉంది. కాబట్టి 1971 విమానం చేస్తూ నాలుగు క్షిపణులు తగిలిస్తే అది 1971 విమానం కాకుండా పోతుంది. బైసన్ మోసిన ఆర్-73 క్షిపణి తగిలించినా అంతే. 1971లో ఆ క్షిపణి పుట్టనే లేదు.

2. మోయగలిగినవన్నీ ఒకేసారి మోయదు

మన ఊళ్లో కోతకు వెళ్లేవాడు కొడవలి పట్టుకెళ్తాడు గాని నాగలి కూడా భుజాన వేసుకుని వెళ్లడు. విమానం సంగతీ అంతే. ఏ పనికి ఆ పనిముట్టు.

పుస్తకాలలో "ఈ విమానం మోసే ఆయుధాలు" అని పెద్ద జాబితా ఉంటుంది. అది ఎంపికల పట్టిక మాత్రమే. ప్రదర్శనలలో విమానం ముందు నేల మీద ఆయుధాలన్నీ పేర్చి ఫోటో తీస్తారు. అది కూడా పట్టికే. ఒక రోజున ఒక విమానం కింద ఉన్నవాటినే ఆయుధ అమరిక అంటాం.

ఎఫ్‌ఎల్‌కు ఉన్న చోట్లు మూడే.

రెక్కల కింద (రెండు చోట్లు): కె-13 క్షిపణులు, లేదా 57 మిల్లీమీటర్ల రాకెట్ల పాడ్లు, లేదా బాంబులు.

పొట్ట కింద (ఒక్క చోటు): 490 లీటర్ల అదనపు ఇంధన ట్యాంకు, లేదా జీపీ-9 గన్ పాడ్.

ఇక్కడ "లేదా" అన్న మాటను బాగా గమనించాలి. గన్ పాడ్, ట్యాంకు రెండూ ఒకే చోటు కోసం పోటీ పడతాయి. తుపాకీ కావాలంటే ట్యాంకు వదులుకోవాలి. అంటే ఎక్కువ దూరం పోలేదు. దూరం పోవాలంటే తుపాకీ వదులుకోవాలి. అప్పుడు క్షిపణి గురి తప్పితే పైలట్ చేతిలో ఇంకేమీ మిగలదు. పొట్ట కింద ఏది తగిలించాలి అన్నది అలంకారానికి సంబంధించిన ప్రశ్న కాదు. ఒక మనిషి తిరిగి వస్తాడా రాడా అన్న ప్రశ్న. మన నమూనాలో ఆ ఒక్క చోటును సరిగా చూపిస్తే చూసేవారికి ఇదంతా అర్థమవుతుంది.

3. మూడు రోజులు, మూడు అమరికలు

1971 యుద్ధం డిసెంబర్ 3న మొదలై 16న ముగిసింది. ఆ పద్నాలుగు రోజులలోనే ఎఫ్‌ఎల్ విమానం మూడు రకాల పనులు చేసింది.

డిసెంబర్ 6, ఢాకా: తేజ్‌గావ్ విమానాశ్రయం రన్‌వేను పాడుచేయాలి. రన్‌వే అంటే మందమైన కాంక్రీటు. రాకెట్లు దాన్ని గీకుతాయి గాని గొయ్యి తవ్వలేవు. అందుకని 28వ స్క్వాడ్రన్ మిగ్‌లు రెక్కకు ఒకటి చొప్పున 500 కిలోల బాంబులు మోసుకెళ్లాయి. రన్‌వే పాడైపోవడంతో అక్కడి సేబర్ విమానాలు బాగున్నా లేవలేకపోయాయి.

డిసెంబర్ 12, గుజరాత్ తీరం: ఇక్కడ పని ఆకాశంలో. జామ్‌నగర్ నుంచి లేచిన 47వ స్క్వాడ్రన్ మిగ్-21, పాకిస్తాన్‌కు చెందిన ఎఫ్-104 స్టార్‌ఫైటర్‌ను కచ్ సింధుశాఖ మీద కూల్చింది. పైలట్ ఫ్లైట్ లెఫ్టినెంట్ బి.బి. సోని. పని పూర్తి చేసింది పొట్ట కింద ఉన్న 23 మిల్లీమీటర్ల గన్ పాడ్. ఈ విమానం చేసేవారు రెక్కల కింద కె-13లు, పొట్ట కింద గన్ పాడ్ పెట్టాలి. ట్యాంకు పెట్టకూడదు.

డిసెంబర్ 14, మళ్లీ ఢాకా: గవర్నర్ భవనంలో ముఖ్యమైన సమావేశం జరగబోతోందని కబురు వచ్చింది. గౌహతి నుంచి వింగ్ కమాండర్ బి.కె. బిష్ణోయ్ నాయకత్వంలో నాలుగు మిగ్‌లు బయలుదేరాయి. ఆయన దగ్గర ఉన్నది పర్యాటకులకు ఇచ్చే ఢాకా పటం. లక్ష్యం ఊరి మధ్యలో ఉన్న ఒకే ఒక భవనం. 500 కిలోల బాంబు పక్క ఇళ్లను కూడా లేపేస్తుంది. అందుకు గురి చూసి కొట్టగల రాకెట్లు ఎంచుకున్నారు. ఒక్కో పాడ్‌లో 16, విమానానికి రెండు పాడ్లు, అంటే 32. నాలుగు విమానాలకు 128. ఆ రోజే గవర్నర్ ఎ.ఎం. మాలిక్ రాజీనామా చేశారు.

అదే రకం విమానం, అదే నెల. కాని ఒక రోజు అమరిక ఇంకో రోజుకు పనికిరాదు. తేదీ ముందు తేల్చుకోవాలని మేము పట్టుబట్టేది ఇందుకే.

4. రంగు సంగతి

1971కి ముందు మన మిగ్-21 ఎఫ్‌ఎల్‌లు ఎక్కువగా లోహపు మెరుపుతోనే ఉండేవి. ఆకాశంలో వేగమే రక్షణ. కాని నేల మీద నిలిపి ఉంచినప్పుడు ఆ మెరుపే శత్రు పైలట్‌ను పిలుస్తుంది. యుద్ధం రాబోతోందని తెలిసినప్పుడు స్క్వాడ్రన్లలోనే హడావుడిగా కామఫ్లాజ్ రంగులు వేశారు. ఆకుపచ్చ, గోధుమ, ఇసుక రంగులు. ఫ్యాక్టరీలో వేసినవి కావు, కాబట్టి అన్నీ ఒకేలా లేవు. ఒక స్క్వాడ్రన్ మచ్చలు ఇంకో స్క్వాడ్రన్‌కు కలవవు. ఒకే వరుసలో నిలబడిన రెండు విమానాల మధ్య కూడా తేడా ఉండేది.

కనుక 1971 విమానానికి కంపెనీ పెట్టె మీది బొమ్మ చూసి రంగు వేయడం సరికాదు. దొరికితే ఆ విమానం ఫోటోయే చూడాలి. దొరకకపోతే అదే స్క్వాడ్రన్, అదే నెల ఫోటో చూడాలి. అంచులు మరీ నున్నగా, యంత్రం గీసినట్టు వేయకండి. అది మనుషులు చేత్తో వేసిన రంగు.

మరికొన్ని సూచనలు:

(అ) ముక్కు శంకువు వెనుక రాడార్ ఉంటుంది. రాడార్ తరంగాలు లోహం గుండా పోవు. కాబట్టి శంకువు వేరే పదార్థంతో చేస్తారు. దానికి వెండి రంగు వేయకూడదు.

(ఆ) తోక చివర ఇంజన్ వేడి ఎక్కువ. అక్కడ మామూలు రంగు నిలవదు. కాలిన లోహపు రంగు చూపాలి.

(ఇ) మన వైమానిక దళం గుండ్రని గుర్తులో బయట కాషాయం, మధ్యలో తెలుపు, లోపల ఆకుపచ్చ. చాలా మంది తిరగేసి వేస్తున్నారు.

(ఈ) చిన్న నమూనా మీద ముదురు రంగు ఇంకా ముదురుగా కనిపిస్తుంది. అసలు రంగులో కొంచెం తెలుపు కలిపితే దూరం నుంచి చూసినట్టు సహజంగా ఉంటుంది.

5. ఏ ఆధారాన్ని ఎంత నమ్మాలి?

అన్నిటికన్నా గట్టి ఆధారం తేదీ, స్థలం, విమానం సంఖ్య తెలిసిన ఫోటో. దాని తర్వాత ఆ విమానం నడిపినవారు, దానికి పనిచేసినవారు రాసిన జ్ఞాపకాలు. ఆ తర్వాత పుస్తకాలలోని చిత్రాలు. సినిమాలు, వీడియో గేములు, ఈ మధ్య కంప్యూటర్ దానంతటదే గీసి ఇస్తున్న బొమ్మలు మాత్రం ఆధారాలు కావు. అవి చూడడానికి ఫోటోలాగే ఉంటాయి, అదే ప్రమాదం.

పాత ఫోటోలో రంగును కూడా పూర్తిగా నమ్మకూడదు. ఫిల్ము వయసుతో రంగు మారుతుంది. ఆకారాన్ని నమ్మవచ్చు. మచ్చ ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో నమ్మవచ్చు.

మ్యూజియంలో ఉన్న విమానం కొలతలకు మంచి ఆధారం. విశాఖపట్నం బీచ్ రోడ్డులో 2017లో ప్రారంభమైన టీయూ-142 మ్యూజియంకు వెళ్లినవారు విమానం పక్కన నిలబడితే దాని పరిమాణం ఎంతో తెలుసుకున్నారు. కాని ఎక్కడైనా సరే, ఎండకూ వానకూ బయట నిలబెట్టిన విమానానికి మళ్లీ మళ్లీ రంగు వేయక తప్పదు. కాబట్టి అక్కడి రంగు యుద్ధం నాటిదని అనుకోకూడదు.

6. మన చేతిలో ఉన్న వస్తువులతో

ప్లాస్టిక్ కిట్లు ఖరీదు. మనకు అట్ట చాలు. 1/24 కొలత తీసుకుంటే లెక్క తేలిక. మిగ్-21 రెక్కల వెడల్పు 7.15 మీటర్లు. 24తో భాగిస్తే దాదాపు 30 సెంటీమీటర్లు, అంటే మన స్కేలు పొడవు. కె-13 క్షిపణి పొడవు 2.83 మీటర్లు, మందం 127 మిల్లీమీటర్లు. మన నమూనాలో పొడవు సుమారు 12 సెంటీమీటర్లు, మందం 5 మిల్లీమీటర్లకు కొంచెం పైన. కూల్‌డ్రింక్ స్ట్రా సరిగ్గా సరిపోతుంది. రాకెట్ పాడ్‌కు అట్టను గొట్టంలా చుట్టి, ముందు భాగంలో 16 చుక్కలు పెట్టండి. ఎనిమిదో తరగతి నిష్పత్తులు ఇక్కడ పనికొస్తాయి.

7. పక్కన ఒక అట్ట ముక్క

నమూనా పక్కన తప్పకుండా ఒక పేరు పలక పెట్టండి. రకం, స్క్వాడ్రన్, తేదీ, స్థలం, ఆయుధాలు, అవి ఎందుకు ఎంచుకున్నారు అన్న ఒక వాక్యం. ఆ ఆయుధాలు మనుషుల ప్రాణాలు తీసినవని కూడా మరవకండి. "శత్రువును చిత్తు చేసింది" అని రాయడం కన్నా జరిగింది జరిగినట్టు రాస్తే గౌరవంగా ఉంటుంది.

చివరిగా ఒక మాట. పైలట్ల పేర్లు పుస్తకాలలో ఉంటాయి, ఉండాలి కూడా. కాని రెక్క కింద బాంబు బిగించినవారి పేర్లు, రాత్రికి రాత్రి బ్రష్షు పట్టుకుని రంగు వేసిన సిబ్బంది పేర్లు ఎక్కడా కనిపించవు. మిగ్-21ల ఎలక్ట్రానిక్ పరికరాల కోసమే 1965లో మన హైదరాబాద్‌లో హెచ్‌ఏఎల్ విభాగం ఏర్పడింది. అక్కడ బల్లల ముందు కూర్చుని పనిచేసినవారి పేర్లు కూడా ఎవరికీ తెలియవు. కూలి పనికి, చేతి పనికి వెళ్లే ఇళ్ల నుంచి వచ్చిన మనకు ఈ సంగతి ఒకరు చెప్పనక్కర్లేదు. చేసినవారి పేరు పోయినా పని మిగులుతుంది. ఆ వంకర అంచుల ఆకుపచ్చ మచ్చ వారి చేతిరాత. దాన్ని ఉన్నది ఉన్నట్టు వేయడం వారికి మనం ఇచ్చే గుర్తింపు.

వచ్చే వార్షికోత్సవానికి నమూనా చేసే తమ్ముళ్లను, చెల్లెళ్లను మేము ఒకటే అడుగుతాం: "ఇది ఏ రోజు విమానం?" జవాబు చెప్పగలిగితే మీ నమూనా సగం పూర్తయినట్టే.