ఎక్కడ వేసిన గొంగళి అక్కడేనా?

మాన్యువల్ టెస్టింగ్‌లో చేరి నాలుగేళ్లయింది. అదే ప్రాజెక్టు, అవే టెస్ట్ కేసులు. వెనకాల చేరినవాళ్లు ఆటోమేషన్ టీముల్లోకి వెళ్లి లీడ్‌లయ్యారు. ఏటా వచ్చే హైక్ ఇంటద్దె పెంపుకే సరిపోతోంది. గచ్చిబౌలి, మాదాపూర్ ఆఫీసుల్లో ఇలా చిక్కుకున్నవాళ్లకు ముందుగా తట్టే ఆలోచన ‘పేపర్లు పెట్టేద్దాం’ అనే. తొందరపడకండి. ఎదుగుదల ఆగిపోవడానికి ప్రధానంగా మూడు కారణాలుంటాయి. మీది ఏదో తేల్చుకోకుండా కంపెనీ మారితే ఐడీ కార్డు మారుతుంది గానీ సమస్య మారదు.

పని పాతబడిందా?

రెజ్యూమె తెరవండి. అంతకుముందు ఏడాది చేయని పని నిరుడు కొత్తగా ఏం చేశారో రాయండి. రెండు పంక్తులు కూడా నిండకపోతే ఇంటర్వ్యూలో మీ నాలుగేళ్లను ఎవరూ నాలుగేళ్లుగా లెక్కగట్టరు.

దీనికి మందు నేర్చుకోవడమే. అలాగని కనిపించిన ప్రతి కోర్సులోనూ చేరితే డబ్బు దండగ. చేస్తున్న పనికి ఒక్క మెట్టు పైనున్నదాన్నే పట్టుకోండి. మాన్యువల్ టెస్టర్లు జావా గానీ పైథాన్ గానీ నేర్చుకుని, సెలీనియమ్‌తో మొదలుపెట్టి ఏపీఐ టెస్టింగ్‌కు వెళ్లొచ్చు. ఎల్1 సపోర్టులో ఉన్నవారికి ఎస్‌క్యూఎల్, లినక్స్, షెల్ స్క్రిప్టింగ్ పనికొస్తాయి. ఐఐటీలు, ఐఐఎస్సీ కలిసి నడిపే ఎన్‌పీటెల్‌లో 4, 8, 12 వారాల కోర్సులను ఉచితంగా చదువుకోవచ్చు. పరీక్ష రాసి సర్టిఫికెట్ తీసుకోవాలంటేనే ఫీజు. నేర్చుకున్నదాన్ని మాత్రం సొంత ప్రాజెక్టులోనే వాడి చూపించాలి. మీరు పదేపదే చేత్తో నడిపే టెస్ట్ కేసుల్లో ఓ పదింటిని ఆటోమేట్ చేసి మేనేజర్‌కు డెమో ఇవ్వండి. సర్టిఫికెట్ కంటే ఆ డెమోకే విలువెక్కువ.

పని చేస్తున్నా పేరు రావట్లేదా?

కొందరు పని బాగానే చేస్తారు, చెప్పుకోవడానికే మొహమాటపడతారు. సెల్ఫ్ అప్రైజల్‌లో ‘టికెట్లన్నీ గడువులోగా పరిష్కరించాను’ అని రాసి ఊరుకుంటారు. అది ఎలాగూ చేయాల్సిన పనే కదా! బదులుగా ఇలా రాయొచ్చు: ‘పేమెంట్ ఫెయిలైందంటూ నెలకు అరవై దాకా టికెట్లు వచ్చేవి. లాగ్స్ వెతికి కారణం పట్టుకుని డెవలపర్లతో సరిచేయించాను. ఇప్పుడు పది దాటడం లేదు.’ రేటింగులు ఖరారు చేసే మీటింగులో మేనేజర్ మీ తరఫున మాట్లాడాలంటే ఇలాంటి అంకెలే కావాలి. ఇవి అప్రైజల్ వేళకు గుర్తు తెచ్చుకుంటే దొరకవు. వారానికోసారి రెండు పంక్తులు రాసిపెట్టుకోండి. క్లయింటు మెచ్చుకుంటూ పంపిన మెయిళ్లను విడిగా దాచండి.

మేనేజర్‌ను ‘ప్రమోషన్ ఎప్పుడు సార్?’ అని అడిగితే ‘చూద్దాం’ అనేస్తారు. ‘పై బ్యాండ్‌లో ఉన్నవాళ్లు చేసేవాటిలో నేను చేయనిదేమిటి? అందులో ఒకటి నాకు అప్పగిస్తారా?’ అని అడగండి. దీనికి ‘చూద్దాం’ అనడం అంత తేలిక కాదు.

పైన కుర్చీ ఖాళీ లేదా?

చిన్న టీములో లీడ్ ఒక్కరే ఉంటారు. ఆయన కదిలితే తప్ప మీకు దారి దొరకదు. పెద్ద కంపెనీ అయితే ముందు ఐజేపీ, అంటే ఇంటర్నల్ జాబ్ పోస్టింగ్స్ చూడండి. ప్రస్తుత ప్రాజెక్టులో కొంతకాలం పనిచేసి ఉండాలనో, ఫలానా రేటింగ్ ఉండాలనో షరతులుంటాయి. అవి హెచ్ఆర్‌ను ముందే అడిగి తెలుసుకోండి. అక్కడా కుదరకపోతే అప్పుడు బయట ప్రయత్నించండి. 90 రోజుల నోటీసు పీరియడ్ వల్ల కొన్ని ఆఫర్లు చేజారతాయి, నిజమే. అయినా ఆఫర్ లెటర్ చేతికి రాకుండా రాజీనామా చేయొద్దు. కొత్తచోట హైక్ ఎంతో ఒక్కటే అడిగి సరిపెట్టుకోవద్దు. ఏ టెక్నాలజీ మీద, ఏ పనికి తీసుకుంటున్నారో కూడా అడగండి. ముప్పై శాతం ఎక్కువిచ్చి మళ్లీ అదే మాన్యువల్ టెస్టింగ్‌లో కూర్చోబెడితే రెండేళ్లకు కథ మొదటికే వస్తుంది.

బ్యాంకుల్లో, ప్రభుత్వ శాఖల్లో...

ఇక్కడ పైకి వెళ్లే దారి నిబంధనల్లోనే ఉంటుంది. ప్రభుత్వ రంగ బ్యాంకుల్లో క్లర్కులు జేఏఐఐబీ అనే బ్యాంకింగ్ పరీక్ష పాసైతే ఒక ఇంక్రిమెంటు, దాని పై స్థాయి సీఏఐఐబీ పూర్తిచేస్తే మరో రెండు వస్తాయి. ఆఫీసర్ ప్రమోషన్ పరీక్షకూ ఆ చదువు అక్కరకొస్తుంది. రాష్ట్ర ప్రభుత్వ శాఖల్లోని జూనియర్ అసిస్టెంట్లకు ఏపీపీఎస్సీ, టీజీపీఎస్సీ నిర్వహించే డిపార్ట్‌మెంటల్ టెస్టులు కీలకం. ప్రమోషన్‌కు కావాల్సిన టెస్టులు పాసవకపోతే ఎంత సీనియారిటీ ఉన్నా మీ తర్వాతివాళ్లు ముందుకెళ్లిపోతారు. ‘ఖాళీ వచ్చాక రాద్దాం’ అనుకోవడమే ఇక్కడ చాలామందిని ఆపుతోంది. ఖాళీ వచ్చేనాటికి టెస్టులు పాసై ఉండాలి.

పైన చెప్పిన మూడు కారణాల్లో మీరు దేనివల్ల ఆగారో ఈ వారమే తేల్చుకోండి. ఆరు నెలలు గడువు పెట్టుకుని, అందుకు తగిన ప్రయత్నం చేయండి. మీ వంతు మీరు చేశాక కూడా పనీ, హోదా, జీతం ఏదీ కదలకపోతే అప్పుడు మారాల్సింది కంపెనీయే. ఆనాటికి మీ రెజ్యూమెలో చూపించుకోవడానికి కొత్త పని ఉంటుంది కాబట్టి మారడమూ తేలికవుతుంది.