పాఠం 18: ఇంట్లో నమూనా రైలు మార్గం – కొలవడం, కట్టడం, నడపడం

18.1 ఉపోద్ఘాతం

చిన్నప్పుడు అగ్గిపెట్టెలను దారంతో కట్టి రైలు ఆట ఆడని వారు అరుదు. అగ్గిపెట్టె రైలుకు కొలత లేదు, నియమం లేదు. అది ఎటైనా పోతుంది, ఎక్కడైనా ఆగుతుంది. ఈ పాఠంలో మనం తెలుసుకోబోయే నమూనా రైలు అలాంటిది కాదు. అది నిజంగా ఉన్న, లేదా ఒకప్పుడు ఉన్న ఒక రైలు మార్గాన్ని చూసి, కొలిచి, తగ్గించి కట్టేది. కట్టిన తరువాత దానిని నిజమైన రైల్వే నియమాల ప్రకారం నడుపుతారు.

ఇది పిల్లల ఆట కదా, మాకెందుకు అని మీరు అనుకోవచ్చు. మీరు గణితంలో నేర్చుకున్న నిష్పత్తి, విజ్ఞానశాస్త్రంలో నేర్చుకున్న విద్యుత్తు, సాంఘికశాస్త్రంలో నేర్చుకున్న ఆధారాల సేకరణ, ఈ మూడూ ఒకే బల్ల మీద పనికి వచ్చే అవకాశం ఇందులో ఉంది.

18.2 ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
– స్కేలుకు, గేజికి తేడా చెప్పగలుగుతారు;
– అసలు కొలతను నమూనా కొలతగా మార్చగలుగుతారు;
– చూసినదానిని, విన్నదానిని, ఊహించినదానిని వేరువేరుగా నమోదు చేయగలుగుతారు;
– ఒక చిన్న స్టేషను నమూనాకు పథకం వేయగలుగుతారు;
– ఒంటి లైను మీద రైళ్లను ప్రమాదం లేకుండా నడిపే పద్ధతిని వివరించగలుగుతారు.

18.3 మనం ఎంచుకున్న రైలు మార్గం

నమూనాకు ఆధారమైన అసలు రైలు మార్గాన్ని ఈ పాఠంలో 'మూలం' అందాం. మనకు మూలంగా నౌపడ – గుణుపురం లైనును తీసుకుందాం.

నౌపడ శ్రీకాకుళం జిల్లాలో, హౌరా – చెన్నై ప్రధాన మార్గం మీద ఉంది. చుట్టుపక్కల ఉప్పుమడులకు పేరు పొందిన ఊరు. అక్కడి నుంచి టెక్కలి, పాతపట్నం మీదుగా పర్లాకిమిడి వరకు సుమారు 40 కిలోమీటర్ల చిన్న రైలు మార్గాన్ని పర్లాకిమిడి సంస్థానం వారు వేయించారు. అది 1900లో ప్రారంభమైంది. 1931 నాటికి గుణుపురం వరకు సాగి, మొత్తం సుమారు 90 కిలోమీటర్లు అయింది. పట్టాల మధ్య దూరం 762 మిల్లీమీటర్లు మాత్రమే. దీనిని నారో గేజి అంటారు. ప్రధాన మార్గం బ్రాడ్ గేజి, అంటే 1676 మిల్లీమీటర్లు. అందువల్ల ఒక లైను బండి రెండవ లైను మీదికి పోలేదు. నౌపడలో ప్రయాణికులు బండి మారాలి, సరుకును దింపి మళ్లీ ఎక్కించాలి.

బ్రాడ్ గేజిగా మార్చడానికి 2004లో ఈ చిన్న రైలును ఆపివేశారు. ఇప్పుడు ఆ దారిన పెద్ద రైలు నడుస్తున్నది. ప్రజలకు ఇది మేలే. కాని పాత లైను ఎలా ఉండేదో ఇప్పుడు కళ్లతో చూడలేము. దానిని నడిపినవారు, ఎక్కినవారు చెబితేనే తెలుస్తుంది. వారి వయస్సు పెరుగుతున్నది. కాబట్టి ఇలాంటి నమూనా కట్టదలచినవారు బల్ల కొనడానికి ముందే పెద్దలను కలవడం మంచిది. బల్ల వచ్చే సంవత్సరమైనా దొరుకుతుంది.

18.4 స్కేలు, గేజి

అసలు వస్తువును ఎన్నవ వంతుకు తగ్గించామో తెలిపేది స్కేలు. రెండు పట్టాల లోపలి అంచుల మధ్య దూరం గేజి. ఈ రెండింటినీ చాలామంది ఒకటే అనుకుంటారు.

నమూనా రైళ్లలో బాగా వ్యాప్తిలో ఉన్న ఒక స్కేలు 1:87. దీనిని హెచ్.ఓ. అంటారు. దీనిలో మామూలుగా దొరికే పట్టాల గేజి 16.5 మిల్లీమీటర్లు. అది 1435 మిల్లీమీటర్ల విదేశీ గేజికి సరిపోతుంది. మన బ్రాడ్ గేజికి సరిపోతుందా? లెక్క చూడండి.

బ్రాడ్ గేజి: 1676 ÷ 87 = 19.3 మి.మీ.
మీటరు గేజి: 1000 ÷ 87 = 11.5 మి.మీ.
నారో గేజి: 762 ÷ 87 = 8.8 మి.మీ.

అంటే బజారులో దొరికే 16.5 మి.మీ. పట్టాలు మన బ్రాడ్ గేజికి ఇరుకవుతాయి. మరి నారో గేజికి? 1:160 స్కేలు (ఎన్ స్కేలు) రైళ్ల కోసం 9 మి.మీ. పట్టాలు తయారుచేస్తారు. మనకు కావలసింది 8.8. తేడా పావు మిల్లీమీటరు కూడా లేదు. కాబట్టి ఎన్ స్కేలు పట్టాలు, ఎన్ స్కేలు ఇంజను చక్రాల భాగం తీసుకుని, దాని మీద 1:87 కొలతలో అట్టతో పైభాగం కట్టుకుంటే మన చిన్న రైలు తయారవుతుంది.

ఇదే స్కేలులో మరికొన్ని కొలతలు: 2.1 మీటర్ల తలుపు 24 మి.మీ.; 1.65 మీటర్ల మనిషి 19 మి.మీ.; 15 మీటర్ల తాటిచెట్టు 17 సెం.మీ. మనిషి కంటే తలుపు పొట్టిగా ఉంటే చూసేవారి కన్ను వెంటనే పట్టేస్తుంది. అన్నింటికీ ఒకే స్కేలు ఉండాలి.

పాఠ్యగత ప్రశ్నలు 18.1
1. 6 మీటర్ల ఎత్తు ఉన్న గోడౌను 1:87 స్కేలులో ఎంత ఎత్తు ఉంటుంది?
2. 90 కిలోమీటర్ల లైను మొత్తాన్ని ఈ స్కేలులో కట్టాలంటే ఎంత పొడవు కావాలి?

18.5 ఆధారాలు: మూడు గడుల నోటుపుస్తకం

ఒక నోటుపుస్తకం తీసుకుని ప్రతి పుటలో మూడు గడులు గీయండి. మొదటి గడిలో చూసినవి, కొలిచినవి రాయండి. రెండవ గడిలో విన్నవి రాయండి. ఎవరు చెప్పారో, ఏ సంవత్సరం మాటో కూడా చేర్చండి. మూడవ గడిలో మీరు ఊహించినవి రాయండి.

ఉదాహరణకు, పాత ఫోటోలో ప్లాట్‌ఫారం పక్కన ఒక వేపచెట్టు కనిపిస్తే అది మొదటి గడిలోకి వస్తుంది. "చెట్టు కింద టీ కొట్టు ఉండేది" అని ఒక పెద్దాయన చెబితే రెండవ గడిలోకి. టీ కొట్టుకు తాటాకు కప్పు ఉండి ఉంటుందని మీకు అనిపిస్తే మూడవ గడిలోకి. మూడవ గడి ఉండటం తప్పు కాదు. మూడవ గడిలోని దానిని మొదటి గడిలోదిగా చెప్పడమే తప్పు. ఒకరు చెప్పినది మరొకరి మాటతో కలవకపోతే రెండూ రాసుకోండి. ఒకదానిని కొట్టివేయడానికి తొందరపడకండి.

కొలతలకు ఒక సులువు ఉంది. ఫోటోలో తలుపు ఉంటే దాని ఎత్తు సుమారు 2.1 మీటర్లు అనుకుని, మిగిలిన గోడ దానికి ఎన్ని రెట్లుందో చూడండి.

హెచ్చరిక: స్టేషనులో కొలతలు, ఫోటోలు తీసుకోవాలంటే స్టేషను మాస్టరుగారి అనుమతి అడగండి. అనుమతి లేకుండా పట్టాల మీదికి వెళ్లడం ప్రమాదకరం. 1989 రైల్వేల చట్టం ప్రకారం నేరం కూడా.

18.6 ఏది ఉంచాలి, ఏది వదలాలి?

పై రెండవ ప్రశ్నకు జవాబు చూసి ఉంటారు. ఒక కిలోమీటరు పొడవైన ఇల్లు ఎవరికీ లేదు. కాబట్టి తప్పనిసరిగా వదలాలి. వదిలేటప్పుడు ఈ ప్రశ్న వేసుకోండి: "ఇది లేకపోతే రైలు పని మారుతుందా?" రెండు స్టేషన్ల మధ్య పొలాలు తగ్గితే పని మారదు. ఇంజను వెనక్కి తిరిగే లూప్ లైను లేకపోతే పనే ఆగిపోతుంది.

మనం లైను చివరి స్టేషను వంటి ఒక స్టేషనును కడదాం. మిగిలిన 'ప్రపంచం' అంతా ఒక అట్ట తెర వెనుక రెండు లైన్ల యార్డుగా ఉంటుంది. మన రైలు (ఇంజను, మూడు పెట్టెలు) పొడవు 45 సెం.మీ. అనుకుందాం.

స్టేషను: పాయింటు-1 (15) + లైను (50) + పాయింటు-2 (15) + ఇంజను ఆగే కొస (15) = 95 సెం.మీ.
తెర వెనుక యార్డు: పాయింటు (15) + లైను (55) = 70 సెం.మీ.
రెండింటి మధ్య లైను: 79 సెం.మీ.
మొత్తం: 244 సెం.మీ.

122 సెం.మీ. పొడవు, 45 సెం.మీ. వెడల్పు గల రెండు బల్లలను బోల్టులతో కలిపితే ఇది సరిపోతుంది. పని అయ్యాక విడదీసి మంచం కింద పెట్టుకోవచ్చు. రెండు బల్లలు కలిసేచోట పాయింటు రాకుండా చూసుకోవాలి. మన పథకంలో రాదు.

18.7 కట్టే క్రమం

1. కర్ర చట్రం మీద ప్లైవుడ్ బిగించండి. బల్ల సమతలంగా ఉందో లేదో గోళీ దొర్లించి చూడండి.
2. పథకాన్ని అసలు సైజులో పాత వార్తాపత్రికల మీద గీసి బల్ల మీద పరచండి. పెట్టెలను దాని మీద చేత్తో తోసి చూడండి. తప్పు దిద్దుకోవడానికి అన్నింటికంటే చౌకైన దశ ఇదే.
3. పట్టాలు అమర్చండి. అతుకుల దగ్గర పలుచని అట్ట మందం సందు వదలండి. ఎండాకాలంలో పట్టాలు సాగుతాయి.
4. రైలు నడిపి చూసి, ఆ తరువాతే కంకర చల్లి జిగురు పోయండి. పాయింట్ల కదిలే భాగాల్లో జిగురు పడకూడదు.
5. చివరగా భవనాలు, చెట్లు.

విద్యుత్తు: నమూనా ఇంజను సాధారణంగా 12 వోల్టుల ఏకముఖ విద్యుత్తుతో నడుస్తుంది. ఒక పట్టా ధనం, రెండవది ఋణం. వాటిని తారుమారు చేస్తే ఇంజను వెనక్కి నడుస్తుంది. కంపెనీలో తయారైన కంట్రోలరునే కొనండి. ఇంటి 230 వోల్టుల కరెంటుతో సొంత ప్రయోగాలు ప్రాణాపాయం. పట్టాలు మురికి పడితే ఇంజను ఆగి ఆగి నడుస్తుంది. మెత్తని గుడ్డతో తుడవండి. గరుకు కాగితం గీతలు పెడుతుంది.

ఖర్చు మాటేమిటి? మోటారు ఇంజను ఖరీదైనదే. కొనలేకపోతే అట్ట పట్టాలు, అట్ట పెట్టెలతో మొదలుపెట్టి చేత్తో తోయండి. కింద చెప్పబోయే నడిపే పద్ధతికి మోటారుతో పని లేదు.

18.8 నడిపే పద్ధతి

వేగం: గంటకు 30 కిలోమీటర్లంటే సెకనుకు 8.3 మీటర్లు. దానిని 87తో భాగిస్తే 9.6 సెంటీమీటర్లు. అంటే నమూనా రైలు ఒక మీటరు పోవడానికి సుమారు 10 సెకన్లు పట్టాలి. కొత్తవారు దీనికి నాలుగైదు రెట్ల వేగంతో నడుపుతారు. గడియారం దగ్గర పెట్టుకోండి.

టోకెను: ఒంటి లైను మీద ఎదురెదురుగా రెండు రైళ్లు రాకూడదు. భారతీయ రైల్వేలలో అనేక ఒంటి లైన్ల మీద దీనికి నీల్స్ టోకెను యంత్రాలు వాడారు. రెండు స్టేషన్లలోని యంత్రాలు విద్యుత్తుతో కలిసి ఉంటాయి. ఒకదాని నుంచి ఒక లోహపు బంతి బయటికి వస్తే, అది తిరిగి లోపలికి చేరేవరకు మరో బంతి ఏ వైపూ బయటికి రాదు. బంతి చేతిలో లేనిదే డ్రైవరు బండి కదపడు.

మన ఇంట్లో ఒక గిన్నె, ఒకే గోళీ చాలు. గోళీ తీసుకున్నవారిదే లైను.

ఇంజను మార్చడం: రైలు వచ్చి ప్లాట్‌ఫారం లైనులో ఆగింది. ఇంజను పాయింటు-2 వైపు ఉంది. తిరుగు ప్రయాణానికి అది రెండవ చివరికి రావాలి.
(క) ఇంజనును విడదీసి, పాయింటు-2 దాటించి కొసలో ఆపండి.
(చ) పాయింటు-2ను లూప్ వైపు మార్చి, ఇంజనును లూప్ లైను వెంట వెనక్కి నడపండి.
(ట) పాయింటు-1ను లూప్ వైపు మార్చి, ఇంజనును స్టేషను బయటికి తీసుకురండి.
(త) పాయింటు-1ను ప్లాట్‌ఫారం వైపు మార్చి, ఇంజనును పెట్టెలకు తగిలించండి.

ఇందులో (ట) దశలో ఇంజను స్టేషను బయట, ఒంటి లైను మీద ఉంటుంది. ఒక ఇంట్లో అక్క యార్డు దగ్గర, తమ్ముడు స్టేషను దగ్గర కూర్చుని నడుపుతున్నారనుకోండి.

"తమ్ముడూ, బండి వచ్చేసిందిగా. గోళీ గిన్నెలో వెయ్యి. గూడ్సు పంపాలి."
"ఆగక్కా. ఇంజను ఇంకా పాయింటు బయటే ఉంది."
"పెట్టెలు లోపలే ఉన్నాయి కదరా!"
"పెట్టెలుంటే సరిపోదక్కా. ఇంజను లోపలికి వచ్చాకే గోళీ ఇస్తాను."

తమ్ముడు చేసినదే సరి. అక్క పెద్దది, ఇంట్లో ఆమె మాట చెల్లవచ్చు. లైను మీద చెల్లేది గోళీ మాటే. నిజమైన రైల్వేలో ఎంతోమంది ప్రాణాలు ఈ ఒక్క క్రమశిక్షణ మీద ఆధారపడి ఉంటాయి. పెద్ద అధికారి తొందరపెట్టినా టోకెను లేనిదే బండి కదలదు.

పాఠ్యగత ప్రశ్నలు 18.2
1. లూప్ లైనులో గూడ్సు పెట్టె ఒకటి ఉండిపోతే ఏ పని ఆగిపోతుంది?
2. గంటకు 20 కిలోమీటర్ల వేగానికి నమూనా రైలు ఒక మీటరు ఎన్ని సెకన్లలో పోవాలి?

18.9 మీరేం నేర్చుకున్నారు?

– స్కేలు తగ్గింపును, గేజి పట్టాల మధ్య దూరాన్ని తెలుపుతాయి.
– 762 మి.మీ. నారో గేజికి 1:87 స్కేలులో 9 మి.మీ. పట్టాలు దాదాపు సరిపోతాయి.
– చూసినది, విన్నది, ఊహించినది కలపకూడదు.
– పొడవు తగ్గించవచ్చు, రైలు పనికి అవసరమైనది తీసివేయకూడదు.
– ఒక లైను మీద ఒక సమయంలో ఒకే రైలు. దానికి గుర్తు టోకెను.

పాఠాంత ప్రశ్నలు

1. నౌపడలో సరుకు ఎందుకు దింపి ఎక్కించవలసి వచ్చేది?
2. 1:87 స్కేలుకు అమ్మే 16.5 మి.మీ. పట్టాలు మన బ్రాడ్ గేజికి ఎందుకు సరిపోవు? లెక్కతో చూపండి.
3. కృత్యం: మీ ఊరి దగ్గర మూతపడిన లేదా మారిపోయిన రైలు లైను, బస్సు స్టాండు, మిల్లు, ఏదో ఒకదానిని ఎంచుకోండి. దాని గురించి తెలిసిన ఇద్దరు పెద్దలతో మాట్లాడి మూడు గడుల పుట ఒకటి నింపండి. దీనిని ఈ నెలలోనే చేయండి.

పాఠ్యగత ప్రశ్నల జవాబులు

18.1: 1. 6000 ÷ 87 = 69 మి.మీ., అంటే సుమారు 7 సెం.మీ. 2. 90,000 ÷ 87 = 1034 మీటర్లు; ఒక కిలోమీటరు కంటే కొంచెం ఎక్కువ.

18.2: 1. ఇంజను లూప్ వెంట తిరిగి రాలేదు కాబట్టి ఇంజను మార్చడం ఆగిపోతుంది. 2. సెకనుకు 5.56 మీటర్లు ÷ 87 = 6.4 సెం.మీ.; ఒక మీటరుకు సుమారు 16 సెకన్లు.