పోయినవాళ్లు తిరిగి వస్తారా? – దెయ్యం సినిమాలు నేర్పే పాఠం



మన హాస్టల్లో ఆదివారం సాయంత్రం టీవీ ముందు చోటు దొరకడం కష్టం. దెయ్యం సినిమా అయితే ఇక చెప్పనవసరం లేదు. చిన్నవాళ్లు దుప్పటి కప్పుకొని, పెద్దవాళ్ల మధ్య దూరి మరీ చూస్తారు. దసరా సెలవులకు ముందు అలాంటి సినిమా ఒకటి చూశాము. అందులో చనిపోయిన మనిషిని మంత్రం చదివి పిలుస్తారు. సినిమా అయ్యాక ఆరో తరగతి తమ్ముడొకడు మా దగ్గరికి వచ్చి, "అన్నా, అట్టా పిలిస్తే మా నాయన వస్తాడా?" అని అడిగాడు. మేము నవ్వాము. వాళ్ల నాయన వేటకు పోయి సముద్రం నుంచి తిరిగి రాలేదన్న సంగతి తర్వాత గుర్తొచ్చింది. మాకు నోట మాట రాలేదు. ఆ రోజు చెప్పలేకపోయిన జవాబును ఈ వార్షికోత్సవ సంచికలో చెప్పాలని పదో తరగతి విద్యార్థులమంతా కలిసి ఈ వ్యాసం రాస్తున్నాము.

మన తెరమీద చావు

చనిపోయినవారిని బ్రతికించే కథలు మనకు కొత్త కాదు. యముని వెంట నడిచి భర్త ప్రాణం తెచ్చుకున్న సావిత్రి కథను సి.పుల్లయ్య గారు 1933లోనే తెలుగు సినిమాగా తీశారు. కె.వి.రెడ్డి గారి 'పాతాళభైరవి' (1951)లో చచ్చిపడిన నేపాళ మాంత్రికుణ్ణి శిష్యుడు సదాజపుడు సంజీవనితో లేపుతాడు. 'యమగోల' (1977), 'యమలీల' (1994) సినిమాల్లో యమలోకమే నవ్వుల లోకం. కోడి రామకృష్ణ గారి 'అరుంధతి' (2009)లో చచ్చినవాడు పగతో తిరిగి వస్తాడు. 'విరూపాక్ష' (2023)లో చేతబడి చేస్తున్నారన్న అనుమానంతో ఊరివాళ్లు ఒక జంటను చంపుతారు. ఆ దుఃఖమే పగగా మారి ఊరి మీద పడుతుంది.

భక్తి, నవ్వు, పగ – ఈ మూడింటినీ మన తెర బాగా చూపించింది. కానీ ఆ తమ్ముడి ప్రశ్నలో ఈ మూడూ లేవు. ఉన్నది నాయన మీద బెంగ ఒక్కటే. ఆ బెంగనే కథగా చేసుకున్న సినిమాలు ఏమైనా ఉన్నాయా అని మా ఇంగ్లీషు మాస్టారిని అడిగాము. ఆయన చెప్పిన కథలు ఇవి.

తలుపు తట్టిన చప్పుడు

ఈ రకం కథల్లో పేరుపొందినది డబ్ల్యు.డబ్ల్యు.జాకబ్స్ అనే ఇంగ్లీషు రచయిత 1902లో రాసిన 'ది మంకీస్ పా', అంటే కోతి పంజా. ఒక ముసలి దంపతుల చేతికి మూడు కోరికలు తీర్చే ఎండిన కోతి పంజా వస్తుంది. 200 పౌన్లు కావాలని కోరుకుంటారు. మరునాడే కొడుకు ఫ్యాక్టరీలో యంత్రంలో పడి చనిపోతాడు. నష్టపరిహారంగా వచ్చిన సొమ్ము సరిగ్గా 200 పౌన్లు! కొడుకు బ్రతికి రావాలని తల్లి రెండో కోరిక కోరిస్తుంది. రాత్రివేళ ఎవరో తలుపు తడతారు. తల్లి గడియ తీయబోతుంది. నలిగిపోయిన ఆ శరీరాన్ని చూసిన తండ్రి మాత్రం వణికిపోయి మూడో కోరిక కోరుతాడు. తలుపు తీస్తే బయట ఎవరూ ఉండరు.

అమెరికా రచయిత స్టీఫెన్ కింగ్ నవల 'పెట్ సెమటరీ' 1983లో వచ్చింది. 1989లోను, మళ్లీ 2019లోను సినిమాగా తీశారు. అందులో తండ్రి ఒక డాక్టరు. చావంటే ఏమిటో తెలిసినవాడే. అయినా బిడ్డ పోయిన దుఃఖంలో, పాతిపెడితే తిరిగి లేస్తారనే చోటికి శవాన్ని మోసుకుపోతాడు. తిరిగి వచ్చినది బిడ్డ రూపమే గానీ బిడ్డ కాదు.

ఆస్ట్రేలియా దర్శకురాలు జెన్నిఫర్ కెంట్ తీసిన 'ది బాబాడూక్' (2014) దీనికి భిన్నం. భర్తను పోగొట్టుకున్న తల్లి, ఏడేళ్లు కూడా నిండని కొడుకు ఉన్న ఇంట్లోకి ఒక భూతం వస్తుంది. చివరకు ఆ భూతం చావదు. తల్లి దానికి ఇంటి కింది గదిలో చోటిచ్చి, రోజూ తిండి పెడుతుంది. ఆ భూతం ఆమె దుఃఖమే అని మాస్టారు చెప్పారు.

మలయాళంలో 2022లో వచ్చిన 'భూతకాలం' కూడా ఇలాంటిదే. అమ్మమ్మ చనిపోయాక తల్లీకొడుకులు ఒకే ఇంట్లో ఉంటూ ఒకరి బాధ ఒకరికి చెప్పుకోరు. భయం అక్కడే పెరుగుతుంది. భూతకాలం అంటే గడిచిన కాలం అని మనం వ్యాకరణంలో చదువుకున్నదే!

మన పెద్దలు చేసిన ఏర్పాటు

ఈ కథలు విన్నాక మాకు మన ఇళ్లే గుర్తొచ్చాయి. సంక్రాంతికి పెద్దలకు బట్టలు పెడతారు, విస్తరి వేస్తారు. తద్దినం నాడు కాకికి ముద్ద పెడతారు. క్రైస్తవులు నవంబరు 2న సమాధులు శుభ్రం చేసి కొవ్వొత్తులు వెలిగిస్తారు. ముస్లింలు షబేబరాత్ రాత్రి సమాధుల దగ్గరికి వెళ్లి ప్రార్థిస్తారు. మతాలు వేరైనా పద్ధతి ఒకటే. పోయినవారికి ఏడాదిలో ఒక రోజు, ఒక ముద్ద, ఒక దీపం. ఆ రోజు కన్నీళ్లు పెట్టుకుంటారు, మరునాడు పనికి పోతారు. వారిని తలుచుకుంటారే గానీ మళ్లీ కాపురానికి రమ్మనరు. సినిమాల్లో భయం పుట్టేది ఈ హద్దు దాటినప్పుడే.

మొహర్రంలో నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర జరిగే రొట్టెల పండుగనే తీసుకోండి. చదువు రొట్టె, ఉద్యోగ రొట్టె, పెళ్లి రొట్టె, సంతాన రొట్టె అని మార్చుకుంటారు. పోయినవారిని తెచ్చే రొట్టె ఉందని మేము ఎన్నడూ వినలేదు. జనానికి ఏది కోరాలో తెలుసు.

ఉప్పు కాదు, ఊపిరి

అయితే దుఃఖంలో ఉన్న మనిషి ఏదైనా నమ్ముతాడు. 2022లో కర్ణాటకలోని బళ్లారి జిల్లాలో నీట మునిగి చనిపోయిన బాలుడి శరీరాన్ని ఉప్పుతో కప్పి, లేస్తాడని గంటల తరబడి ఎదురుచూశారు. ఉప్పులో పెడితే బ్రతుకుతారని ఫోన్లలో తిరిగిన మాటే దానికి కారణం. వారిని చూసి నవ్వకూడదు. మన తీరంలో ఉప్పు కొఠార్లకు కొదవ లేదు, నీటి గండానికీ కొదవ లేదు. 2004 డిసెంబరు 26 సునామీని మన మత్స్యకార గ్రామాలు మరువలేదు. శవం దొరకని ఇంట్లో ఎదురుచూపు ఎప్పటికీ తీరదు.

కాబట్టి ఇది గుర్తుంచుకోండి. ఊపిరి ఆగాక మెదడు దెబ్బతినడానికి కొద్ది నిమిషాలే పడుతుంది. మునిగినవారిని ఒడ్డుకు చేర్చగానే వెల్లకిలా పడుకోబెట్టాలి. ఒకరు 108కి ఫోన్ చేయాలి. ఊపిరి లేకపోతే నోటిలో నోరు పెట్టి ఊపిరి ఊదాలి. రొమ్ము మధ్యలో 30 సార్లు గట్టిగా నొక్కి, 2 సార్లు ఊదుతూ అంబులెన్సు వచ్చేదాకా ఆపకూడదు. తలకిందులుగా తిప్పడం, పొట్ట నొక్కడం చేయరాదు. పాము కరిచినా మంత్రగాడి దగ్గర కాలం పోగొట్టక ఆసుపత్రికే తీసుకుపోవాలి. పోబోయే ప్రాణాన్ని ఆపే మంత్రం ఇదే. ఆ నిమిషాలు దాటితే ఏ మంత్రమూ లేదు.

ముగింపు

తమ్ముడూ! నీ ప్రశ్నకు మా జవాబు ఇది. పిలిచినా నాయన రాడు. అబద్ధం చెప్పి నిన్ను ఊరించడం మాకు ఇష్టం లేదు. కానీ నాయన మాట ఎప్పుడు గుర్తొచ్చినా దుప్పటిలో ముఖం దాచుకోవద్దు. మాతో చెప్పు. ఆ రోజు నవ్వినందుకు మమ్మల్ని క్షమించు.

ఈ వ్యాసం రాసేటప్పుడు ఆ తమ్ముణ్ణి పక్కన కూర్చోబెట్టుకొని నాయన గురించి అడిగాము. మొదట మాట్లాడలేదు. తర్వాత ఒక దారం ముక్క తీసుకొని, వాళ్ల నాయన వలకు ముడి ఎలా వేసేవాడో చూపించాడు. రెండుసార్లు తప్పుపోయి మూడోసారి మాకూ వచ్చింది. ఇప్పుడు మా గదిలో నలుగురికి ఆ ముడి వేయడం తెలుసు.